డిజిటల్ రేడియో స్థానంలో ముల్లు రేడియో: ఎలా మార్చుకోవాలి?

కావలిలో మా ఇంటి డిజిటల్ రేడియోకి ఉప్పుగాలి తగిలి, బ్యాటరీ స్ప్రింగులు పచ్చగా చిలుము పట్టాయి. డిస్‌ప్లేలో అంకెలు సగమే కనబడేవి. ఈసారి చెక్కపెట్టె, గుండ్రటి నాబ్, ముల్లు ఉన్నది తెమ్మన్నాడు నాయన. మీరూ అలాంటిది తెచ్చుకోవాలనుకుంటే, పాతది ఇంకా పలుకుతుండగానే పని మొదలుపెట్టండి.

ముందు మీరు వినే స్టేషన్ల నంబర్లు రాసుకోండి. మాకు కావాల్సినవి మీడియం వేవ్ (ఎఫ్‌ఎం కాని, దూరం నుంచి వినిపించే పాత రకం ప్రసారం) స్టేషన్లు: విజయవాడ 837, చెన్నై 720 కిలోహెర్ట్జ్.

అంగట్లో చూపు ముచ్చటకి పడిపోవద్దు. రెట్రో పేరుతో అమ్మే వాటిలో కొన్ని బ్లూటూత్ స్పీకర్లే, రేడియో అంటే ఎఫ్‌ఎం ఒక్కటే ఉంటుంది. విజయవాడ మీడియం వేవ్ కావాలంటే డబ్బా మీద ఎండబ్ల్యూ లేదా ఏఎం అని ఉండాలి. డీఏబీ (ఒక రకం డిజిటల్ ప్రసారం) అని ఉంటే దానికి ఎక్కువ డబ్బు పెట్టకండి, మన దేశంలో ఆ ప్రసారాలు లేవు. ముల్లు బదులు అంకెలున్న రెట్రో సెట్టయితే స్టెప్పు, అంటే ఒక్కోసారికి నంబరు ఎంత దూకుతుందో తప్పక చూడండి. మన స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి. అమెరికా సెట్టు పదేసి దూకుతుంది కాబట్టి 720 దొరుకుతుంది, 837 మాత్రం 830కీ 840కీ మధ్యలో ఇరుక్కుని ముద్దగా వినిపిస్తుంది. సెల్లులతో నడవడమూ ముఖ్యమే. తుఫానుకి కరెంటు పోయినప్పుడే కదా రేడియో అవసరం!

ఇంటికి తెచ్చాక ముఖం ఉత్తరానికో దక్షిణానికో పెట్టండి. మీడియం వేవ్‌ని పట్టేది పైకి లాగే యాంటెన్నా కాదు, అది ఎఫ్‌ఎంకి. లోపల అడ్డంగా ఉండే ఫెర్రైట్ కడ్డీ పడుతుంది, అదీ సెట్టుకి ముందు నుంచి, వెనక నుంచి వచ్చేదాన్నే బాగా పడుతుంది. కావలికి విజయవాడ ఉత్తరాన, చెన్నై దక్షిణాన ఉన్నాయి గనుక ఇలా పెడితే రెండూ బాగా వస్తాయి. గరగర వినిపిస్తే దగ్గరున్న ఎల్ఈడీ బల్బు, ఫోన్ ఛార్జర్ ఆపి చూడండి.

ఇప్పుడు ముల్లుకి గుర్తు పెట్టాలి. పగలే చేయండి, రాత్రయితే దూరపు స్టేషన్లు కూడా వచ్చి కలగలిసిపోతాయి. పాత సెట్టులో 837 పెట్టి, కాస్త దూరంలో కొత్తదాని నాబ్ మెల్లగా తిప్పండి. రెండింటిలో ఒకే గొంతు పలికిన చోట అద్దం మీద గోళ్ల రంగుతో చిన్న చుక్క పెట్టండి.

తర్వాత పాతదాంట్లో సెల్లులు తీసేసి, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇవ్వండి. మా నాయన ఇప్పుడు కళ్లజోడు వెతుక్కోకుండానే ముల్లుని ఎర్రచుక్క మీదికి తెచ్చి పొద్దుటి వార్తలు వింటున్నాడు.