కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు వానాకాలం జాగ్రత్తలు

వానలు మొదలైతే కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ల ఇంట్లో ఇన్‌ఫెక్షన్ల టెన్షన్ మొదలవుతుంది. రిజెక్షన్, అంటే కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టడం, ఆ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. జ్వరాలు, విరేచనాలు మందుల లెక్క తప్పించేది ఈ నెలల్లోనే.

కొత్త కిడ్నీ కణాల మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ ప్రోటీన్లను చూసి, ఇది మన ఒంటిది కాదని టి-కణాలు (ఒంటికి కాపలా కాసే ఒక రకం తెల్ల రక్తకణాలు) పసిగడతాయి. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం పెట్టిన కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టలేదంటే, ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే పిండం నుంచి పుట్టిన కవలలు కాబట్టి. మిగతావాళ్లకు మందే కాపలా. పదేళ్లు గడిచినా అంతే.

ఇమ్యూనిటీని అణచడానికి ఎక్కువమంది వాడే మందు టాక్రోలిమస్. అది రక్తంలో తగ్గితే రిజెక్షన్, పెరిగితే ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది. విరేచనాలప్పుడు అది తగ్గుతుందనుకుంటాం, చాలాసార్లు పెరుగుతుంది. అందుకే సొంతంగా మాత్ర ఆపొద్దు, తగ్గించొద్దు. మొదటిరోజే డాక్టరుకు ఫోన్ చేయండి. రక్తంలో ఈ మందు ఎంతుందో చూసే లెవెల్ పరీక్షకు పొద్దున మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి.

జ్వరానికి ఆర్‌ఎంపీ దగ్గర మందు తీసుకునేముందు మార్పిడి సంగతి చెప్పండి. ఎరిత్రోమైసిన్, ఫ్లుకోనజోల్ టాక్రోలిమస్‌ను పెంచేస్తాయి. రిఫాంపిసిన్, ఫెనిటాయిన్ పడగొడతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ నొప్పి మాత్రలు కిడ్నీకే చేటు. చవితికి తెచ్చిన పంపర పనస దేవుడికి పెట్టండి, మీరు తినకండి. అదీ లెవెల్ పెంచుతుంది.

ఇక తిప్పతీగ కషాయం. ఇమ్యూనిటీ పెరుగుతుందని చుట్టాలు ప్రేమగా గ్లాసు చేతిలో పెడతారు. మీరు రోజూ మందేసి అణచిపెడుతున్నది ఆ ఇమ్యూనిటీనే! మొహమాటపడకుండా వద్దనండి.

ఫ్లూ టీకా వానలకు ముందే, డాక్టరును అడిగి వేయించుకోండి. లైవ్ టీకాలు (బలం తగ్గించిన బతికున్న క్రిములతో చేసేవి) మాత్రం వద్దు.

మూత్రం తగ్గడం, ఒళ్లు వాచి బరువు పెరగడం, బీపీ ఎక్కువవడం, కొత్త కిడ్నీ పెట్టినచోట నొప్పి, జ్వరం: వీటిలో ఏది కనిపించినా అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. చాలా రిజెక్షన్లు ఇవేవీ లేకుండా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి పంపేయాల్సిన వ్యర్థం) పెరగడంతోనే బయటపడతాయి కాబట్టి, వాన పడుతోందని నెలవారీ రక్తపరీక్ష వాయిదా వేయొద్దు.

వాగులు పొంగితే దారి తెగే ఊళ్లవాళ్లు రెండు వారాల మందులు అదనంగా తెచ్చి పెట్టుకోండి. ఎప్పుడూ వాడే కంపెనీ మాత్ర లేదని షాపువాడు ఇంకోటి ఇస్తే, డాక్టరును అడిగాకే వేసుకోండి.