ముక్క తిప్పి పంపే ముందు: కుట్టు లైనులో సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

బెంగళూరులో పీణ్య నుంచి బొమ్మనహళ్ళి దాకా ఏ గార్మెంట్ ఫ్యాక్టరీకి వెళ్ళినా హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చిన మనవాళ్ళు కనిపిస్తారు. వారిలో కొత్తగా చెకర్‌గానో సూపర్‌వైజర్‌గానో చేరినవారి కోసం ఇది రాస్తున్నాను. ముక్కలో తప్పు కనబడగానే "అక్కా, సరిగ్గా కుట్టు" అనేస్తాం. నేనూ అలాగే అనేవాణ్ణి. ఒకసారి పాప్లిన్ షర్టుల లైనులో ముడతలు వస్తున్నాయని ఒక ఆపరేటర్‌ను పూటంతా సతాయించాను. తీరా చూస్తే స్టోరు ఇచ్చిన సూదే లావుది. ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాక, నోటికన్నా ముందు కత్తెర తీయడం అలవాటు చేసుకున్నాను.

కుట్టు వెంబడి ముడతలు

దీన్నే పకరింగ్ అంటాం. పైకి ఒకేలా కనిపించినా కారణాలు వేరు. ఎలాగూ పక్కన పడేసిన ముక్క ఒకటి తీసుకుని, కుట్టు దారాన్ని అక్కడక్కడా కత్తిరించండి.

కత్తిరించగానే బట్ట సాఫీ అయితే తప్పు దారం బిగువుది. పై దారం, బాబిన్ నుంచి వచ్చే అడుగు దారం రెండూ సమానంగా బిగిసి ఉంటే కుట్టు చక్కగానే కనబడుతుంది, అక్కడే మనం మోసపోతాం. ముందు బాబిన్ కేసు వదులు చేసి, పై దారం బిగువును (టెన్షన్‌ను) దానికి తగ్గట్టు దించాలి. పైదొక్కటే దించితే అడుగు దారం పై దారాన్ని కిందికి లాగేస్తుంది.

కత్తిరించినా ముడత పోలేదా? కొత్త ముక్కలు రెండు తీసుకుని, రెండు పొరల మీదా 50 సెంటీమీటర్ల దూరంలో గుర్తులు పెట్టి కుట్టించండి. చివర గుర్తులు కలవకపోతే పొరలు సమానంగా నడవడం లేదు. అడుగు పొరను మిషన్ పళ్ళు ముందుకు నెడుతుంటే, పై పొరను ఫుట్ (బట్టను అదిమి పట్టే పాదం) వెనక్కి పట్టి ఉంచుతుంది. ఫుట్ ఒత్తిడి తగ్గించండి, జారుడుగా ఉండే టెఫ్లాన్ ఫుట్ వేయండి, పలచని బట్టకు సన్న పళ్ళు అడగండి.

గుర్తులు కలిసినా ముడత ఉందంటే నేతలో చోటు చాలడం లేదు. దట్టంగా నేసిన బట్టలోకి సూది, దారం దూరితే అక్కడి పోగులు పక్కకు జరగలేక పైకి లేస్తాయి. 14 నంబర్ సూది తీసి 11 గానీ 9 గానీ వేయాలి, దారం సన్నది వాడాలి, కొనుగోలుదారు ఒప్పుకుంటే అంగుళానికి కుట్లు తగ్గించాలి. నన్ను బోల్తా కొట్టించింది ఇదే.

కుట్టినప్పుడు బాగుండి ఉతికాక ముడత వస్తే దారమో బట్టో కుంచించుకుపోయినట్టు. లైనులో ఎవరినీ ఏమీ అనకండి. కటింగ్‌కు ముందు ఉతికి చూడాల్సిన పని ఎవరో వదిలేశారు.

ఉతికాక టీషర్టు పక్క కుట్టు పొట్ట మీదికి తిరగడం

ఇది చాలావరకు కుట్టు తప్పు కాదు. సింగిల్ జెర్సీ అనే టీషర్టు అల్లిక బట్టలో నూలుకు ఉన్న పురి విడిపోవాలని చూస్తుంది, బట్ట మొత్తం ఒక పక్కకు ఒరుగుతుంది. అల్లిక మిషన్‌కు ఫీడర్లు (నూలు అందించే చోట్లు) ఎక్కువైతే ఒరుగు ఇంకా పెరుగుతుంది. మందు నూలు, అల్లిక, ఫినిషింగ్ (అల్లాక బట్టకు చేసే చివరి పనులు) దగ్గరే ఉంది, కుట్టు లైనులో లేదు. మనం చేయగలిగింది రెండే. రోలు రాగానే చదరపు ముక్క కోసి ఉతికి ఒరుగు కొలవడం, రోలు విప్పి 24 గంటలు వదులుగా పరిచాకే కటింగ్‌కు ఇవ్వడం. రెండోది కొలతలు తగ్గిపోకుండా కాపాడుతుంది గానీ ఒరుగును పోగొట్టదు.

కుట్టు పక్కన సన్నని రంధ్రాలు

అల్లిక బట్టలో సూది మొన పోగును తప్పించుకుని పోవాలి, తెంపకూడదు. బాల్ పాయింట్ సూది ఉందో లేదో చూడండి. ఉంటే మొనను గోటి మీద గీసి, అరిగిందేమో చూడండి. ఈ రంధ్రాలు అప్పటికప్పుడు కనబడవు, ఒక ఉతుకు తర్వాత కుట్టును సాగదీస్తే బయటపడతాయి.

ఒకే షర్టులో చెయ్యి ఒక రంగు, వీపు ఒక రంగు

వేర్వేరు రోళ్ళ ముక్కలు కలిసిపోయాయి. రంగు వేసిన మిల్లును తిట్టే ముందు బండిల్ నంబర్ స్టిక్కర్లు చూడండి. ప్రతి రోలు నుంచీ ఒక ముక్క కోసి, వరుసగా కుట్టి దుప్పటిలా పరిస్తే ఏ రోలు ఏ గుంపుదో తేలిపోతుంది. చూడటం లైట్ బాక్సులోనే (రంగులు పోల్చడానికి నిర్ణీత వెలుగులున్న పెట్టె). ట్యూబులైటు కింద కలిసిన రంగు డీ65 అనే పగటి వెలుగులో విడిపోవచ్చు.

పెట్టెలో తెల్ల బట్ట పసుపెక్కడం

మరక అనుకుని ఉతికించకండి. ముందు ఎండలో ఒక రోజు ఉంచండి, లేదా మూలన రెండు చుక్కల వెనిగర్ వేయండి. పసుపు పోతే అది కవరు నుంచి వచ్చింది. కొన్ని ప్లాస్టిక్ కవర్లలో వాడే బీహెచ్‌టీ అనే పదార్థం, డీజిల్ పొగలాంటి వాటిలోని నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి ఈ పని చేస్తుంది. బీహెచ్‌టీ లేని కవర్లు తెప్పించండి, డీజిల్ బండ్లను గోడౌన్‌లోకి రానీయకండి. పసుపు పోకపోతే చెమటో, బ్లీచో, ఇస్త్రీ వేడో అయి ఉంటుంది.

బూజు సంగతి వేరు. ఆవిరి ఇస్త్రీ అయిన బట్టను చల్లారకుండానే కవరులో వేసి, పెట్టె కట్టి చెన్నై రేవుకు పంపితే, లోపలి తేమే దానికి తిండి.

లైనులో అంతా బాగుండి, తుది తనిఖీలో లాట్ నిలిచిపోవడం

వెయ్యి ముక్కల లాట్ (ఒకేసారి తనిఖీకి పెట్టిన సరుకు) అనుకోండి. తనిఖీ పట్టికలోని సాధారణ రెండో స్థాయిలో, ఏక్యూఎల్ (ఒప్పుకునే తప్పుల హద్దు) 2.5 కింద 80 ముక్కలు తీస్తారు. 5 తప్పుల దాకా పాస్, 6 అయితే ఫెయిల్. లైను చివర ప్రతి ముక్కా చూశాం కదా అంటారు. సాయంత్రం అయిదింటికి చెకర్ కళ్ళు చూసే తీరు వేరు. పైగా దొరికిన తప్పు అక్కడే సరిచేసి, రిపోర్టులో రాయకుండా వదిలేస్తే, అదే మిషన్ అదే తప్పు కుడుతూనే ఉంటుంది. ముందు రిపోర్టు తెరవండి. రోజంతా సున్నా తప్పులు ఉన్న కాగితం కనిపిస్తే, ఆ మిషన్ దగ్గరికే నడవండి.