కరెంటు పోయినా నేల తడవకుండా సంప్ ఫిల్టర్ కట్టుకోవడం ఎలా

చేపల తొట్టె కింద మరో చిన్న తొట్టెను (సంపు) అమర్చి, పై నీటిని పైపు గుండా అందులోకి దించి, అక్కడ శుభ్రపడిన నీటిని మోటారుతో మళ్లీ పైకి పంపే ఏర్పాటే సంప్ ఫిల్టర్. దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వంటి ఊళ్లలో గాజు కోసి ఇచ్చేవారూ, పీవీసీ సామాను అమ్మేవారూ ఉంటారు కనుక దీన్ని ఇంట్లోనే కట్టుకోవచ్చు. అయితే మన ప్రాంతంలో మోటారు నడిచే వేళకన్నా, కరెంటు పోయి అది ఆగే క్షణాన్ని ముందుగా లెక్కలోకి తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. వేసవి సాయంత్రం వీచే గాలివానకే కరెంటు పోతుంది; 2013లో గోపాలపురం వద్ద తీరం దాటిన ఫైలిన్, 2018లో గజపతి జిల్లాను అతలాకుతలం చేసిన తిత్లీ వంటి తుపానుల సంగతి చెప్పనక్కరలేదు.

మోటారు ఆగగానే పై తొట్టెలోని నీరు రెండు దారుల్లో కిందికి వస్తుంది. దించే పైపు అంచుకు పైన నిలిచి ఉన్న నీరు దిగిపోవడం ఒకటి. నీటిలో మునిగి ఉన్న ఎక్కించే పైపు సైఫన్‌గా మారి నీటిని వెనక్కి లాగడం రెండోది. 90 సెం.మీ. పొడవు, 38 సెం.మీ. వెడల్పు ఉన్న తొట్టెలో మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే సుమారు 3.4 లీటర్లు దిగినట్టు. ఎక్కించే పైపు మూతి 5 సెం.మీ. లోతున ఉంటే 17 లీటర్లు, పైపుల్లో మిగిలిన దానితో కలిపి 19 లీటర్ల దాకా సంపులోకి చేరుతుంది. 60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు ఉన్న సంపులో ఆ నీటికి 10.5 సెం.మీ. పైచిలుకు ఎత్తు కావాలి. కాబట్టి 35 సెం.మీ. ఎత్తున్న సంపులో, నడుస్తున్నప్పుడు నీటి మట్టం 22 సెం.మీ. దాటకుండా చూసుకోవాలి. సైఫన్ తెగేందుకు ఎక్కించే పైపుకు నీటి మట్టానికి కాస్త దిగువన 3 మి.మీ. రంధ్రం వేయడం మంచిదే గాని, అది నాచుతో పూడిపోగలదు. నీటిని వెనక్కి రానీయని వాల్వు కూడా చెత్త పట్టి సరిగ్గా మూసుకోకపోవచ్చు. అందుకే ఈ రెంటినీ నమ్ముకోకుండా సంపులో ఖాళీని వదలాలి.

సంపును మూడు గదులుగా విభజించడానికి 5 మి.మీ. గాజు పలకలు సరిపోతాయి. మొదటి గదికీ రెండో గదికీ మధ్య 20 సెం.మీ. ఎత్తున్న ఒక పలక చాలు. రెండో గదికీ మోటారు ఉండే మూడో గదికీ మధ్య మాత్రం రెండు పలకలు దగ్గరదగ్గరగా అతికించి, మొదటిదాని కింద 3 సెం.మీ. సందు వదిలి, రెండోదాన్ని అడుగుకు ఆనించాలి. నీరు కింది నుంచి దూరి పైకెక్కి పొర్లేటప్పుడు బుడగలు అక్కడే విడిపోతాయి. బూజును అడ్డుకునే మందు కలపని సిలికాన్‌నే కొనాలి. బాత్రూముల కోసం అమ్మే రకం చేపలకు ప్రమాదకరం. ఆరుతున్నంత సేపూ సిలికాన్ నుంచి ఘాటైన వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం రెండు మూడు రోజులు, నీరు పోయకూడదు.

నీరు దించడానికి పై తొట్టె వెనుక పలకకు పైభాగాన రంధ్రం కావాలి. తొట్టె కట్టించేటప్పుడే గాజు దుకాణంలో వేయించుకోవడం ఉత్తమం. టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరచిన) గాజుకైతే రంధ్రం వేయబోతే మొత్తం పగిలిపోతుంది. రంధ్రంలో ట్యాంకు నిపుల్ (తొట్టె గోడకు పైపును కలిపే ముక్క) బిగించి, లోపలివైపు ఎల్బోను (వంపు ముక్కను) పైకి తిప్పి జాలీ పెట్టి, బయట 32 మి.మీ. పైపు దించాలి. ఈ పైపుకు వాల్వు పెట్టవద్దు. మొదటిది పూడుకుపోతే ఆదుకునేందుకు కొంచెం ఎత్తున రెండో పైపు ఉండాలి. ఈ ఖర్చుకు వెనుకాడవద్దు. మోటారు కొనేటప్పుడు, పెట్టె మీద రాసిన గంటకు ఇన్ని లీటర్లన్నది ఎత్తు ఏమీ లేనప్పటి లెక్కని గుర్తుంచుకోవాలి. 150 లీటర్ల తొట్టెకు మీటరుకు పైగా ఎత్తుకు గంటకు 750 లీటర్లు అందాలంటే, దానికి రెట్టింపుకు మించిన మోటారే తీసుకోవాలి.

మొదటి గదిలో దూది లాంటి ఫిల్టర్ ఫ్లాస్, రెండో గదిలో సెరామిక్ రింగులో, బాగా కాలిన కుండ పెంకులో, సబ్బు కలవని ప్లాస్టిక్ పీచో నింపాలి. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడటానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ పెంకులను కుళాయి నీటితో కడిగితే క్లోరిన్ వల్ల ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. తొట్టె నుంచి తీసిన నీటిలోనే జాడించాలి.

చేపలను వదలకముందే, అంతా నడుస్తుండగా ప్లగ్గు తీసి, సంపులో నీరు ఎక్కడిదాకా ఎక్కుతుందో దగ్గర కూర్చుని చూడాలి. సైఫన్ తెంచే రంధ్రాన్ని టేపుతో మూసి మరోసారి చూడాలి. అప్పటికీ పొర్లకపోతే, మోటారు నడుస్తున్నప్పటి మట్టం దగ్గర మోటారు గది గాజు మీద ఒక గీత గీసి, ఎన్నడూ దానికి పైగా నీరు పోయకూడదు. ఆవిరైన నీటి లోటు ఆ ఒక్క గదిలోనే కనిపిస్తుంది కనుక, ఎండాకాలంలో రోజూ చూసి నింపకపోతే మోటారు గాలి పీలుస్తుంది.

ఇన్వర్టరు ఉన్నవారు మోటారును దానికి కలుపుకోవచ్చు. తుపాను వల్ల కరెంటు గంటల తరబడి రాకపోతే, నిలిచిన నీటిలో ప్రాణవాయువు తగ్గి బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. అప్పుడు పెంకులను, రింగులను తీసి పళ్లెంలో పరిచి, తొట్టె నీటితో తడుపుతూ గాలి తగిలేలా ఉంచాలి. కరెంటు వచ్చాక సంపులోని నీరు దుర్వాసన వేస్తుంటే దాన్ని పైకి ఎక్కనీయక పారబోసి, క్లోరిన్ లేని కొత్త నీరు నింపిన తర్వాతే మోటారు వేయాలి.