వేట కుక్కను తెచ్చుకునే ముందు ఒక పరీక్ష

చిప్పిపారై, ముధోల్ అనే వేట జాతుల కుక్కపిల్లల్ని చూసి ముచ్చటపడి తెచ్చుకోవడం, కాస్త పెరగ్గానే గోడ దూకుతోందని ఎవరికో ఇచ్చేయడం మన తిరుపతిలో చూస్తూనే ఉన్నాం. పాపం, నలిగేది ఆ కుక్కే.

డబ్బు కట్టే ముందు రెండు వారాలు కుక్క లేకుండానే నడవండి. పొద్దున ఐదున్నరకు, మళ్లీ ఎండ తగ్గాక, పూటకు 45 నిమిషాలు. రేపు కుక్కను ఎవరు తిప్పుతారో వాళ్లే నడవాలి. వారంలో మూడు రోజులు నడక మానేస్తే ఈ జాతులు మీకు వద్దు. కాంపౌండ్ గోడ కూడా కొలవండి. ఆరడుగులకు తక్కువైతే పైన మెష్ ఖర్చు కలుపుకోండి. ఇవి కంటితో చూసి తరిమే కుక్కలు. పిల్లి కదిలితే చాలు, ఎంత పిలిచినా వినవు. కపిలతీర్థం వైపు, కొండ కింద ఉండేవాళ్లు తాడు లేకుండా అసలు వదలకూడదు.

ఇంట్లో కోళ్లు, పక్కింట్లో మేకలు ఉంటే మాత్రం ఈ పరీక్ష చాలదు. రెండు నెలల కుక్కపిల్ల కోడి పక్కనే పడుకుంటుంది, తరిమే గుణం పెరిగాకే బయటపడుతుంది. అందుకే దాని తల్లినో తండ్రినో తాడుతో పట్టుకుని, దూరంగా కోడి పోతుంటే ఎలా ఉంటుందో చూపించమని అమ్మేవాళ్లను అడగండి. చూపించకపోతే అక్కడ కొనకండి.