ఇంటి బిస్కెట్లు – మూడవ పాఠం: వెన్నను సిద్ధం చేసుకోవడం

గత పాఠంలో స్థిరపరచుకున్న కొలతలు ఇవి: 200 గ్రాముల మైదా, 120 గ్రాముల వెన్న, 90 గ్రాముల పంచదార, పావు చెంచా బేకింగ్ పౌడర్, రెండు చెంచాల పాలు. ఈ పాఠంలో వీటిని కదిలించకుండా వెన్న స్థితిని మాత్రమే మారుస్తాం.

వంట పుస్తకాలు ‘గది ఉష్ణోగ్రతలో ఉన్న వెన్న’ తీసుకోమంటాయి. అవి చెప్పే గది 18 నుండి 20 డిగ్రీలది; అనంతపురంలో ఏప్రిల్ నెల గది కాదు. వెన్న 32 నుండి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది కనుక, ఆ మాట నమ్మి నేను మధ్యాహ్నం వెన్నను వంటగది బండ మీద ఉంచినప్పుడు గంటలో గిన్నె నిండా నూనె తేలింది. ఆ పిండితో చేసిన బిస్కెట్లు పళ్ళెంలో ఒకదానికొకటి అంటుకుపోతే, తెలియక ఓవెన్‌ను తిట్టుకున్నాను. వేసవిలో ఈ పని తెల్లవారుజామున పెట్టుకోవాలి. లేదా ఫ్రిజ్ నుండి తీసిన వెన్నను చిన్న ముక్కలుగా కోసి, వేలితో నొక్కితే గుంట పడేటంత మెత్తబడగానే, ఇంకా చల్లగా ఉండగానే గిలకొట్టడం మొదలుపెట్టాలి.

గిలకొట్టడంలో జరిగేది ఇది: పంచదార పలుకుల అంచులు మెత్తని వెన్నను కోస్తూ పోయినకొద్దీ అందులో సన్నని గాలి బుడగలు చిక్కుకుంటాయి, బేకింగ్ పౌడర్ కొత్త బుడగలను పుట్టించదు, ఉన్నవాటినే ఉబ్బిస్తుంది. అందుకే వెన్న రంగు పాలిపోయి నురగలా తేలికపడేవరకు, చేత్తో అయితే సుమారు ఎనిమిది నిమిషాలు, ఆపకుండా గిలకొట్టాలి. కరిగిన వెన్నలో బుడగ నిలవదు కనుక బిస్కెట్టు పలచగా పరుచుకుని, లోపల దట్టంగా తయారవుతుంది. కొందరికి అదే ఇష్టం. అప్పుడు పిండిని అరగంట ఫ్రిజ్‌లో ఉంచి కాల్చాలి. గట్టి వెన్నను పిండిలో వేళ్ళతో నలిపితే పొడిపొడిగా విరిగే బిస్కెట్టు వస్తుంది.

నాకు ప్రీతికరమైనది కాచిన వెన్న. నెయ్యి కాచేవారికి ఇది కొత్త విద్య కాదు: చిటపటలు తగ్గి, అడుగున గసి గోధుమ రంగుకు తిరిగి, కమ్మని వాసన రాగానే దించి, గసిని వడకట్టకుండా పూర్తిగా పిండిలోకి తీసుకోవాలి, ఎందుకంటే రుచి అంతా అందులోనే ఉంది. నీరు ఆవిరైపోవడం వల్ల 120 గ్రాముల వెన్న దాదాపు 100 గ్రాములే మిగులుతుంది. ఆ లోటుకు మరొక పెద్ద చెంచాడు పాలు చేర్చాలి. వేయించి పొట్టు తీసిన మన చెనిక్కాయలను (వేరుశనగ గింజలను) కచ్చాపచ్చాగా దంచి కలిపితే దీనికి సరిజోడు.

ఇంట్లో చిలికిన వెన్నలో నీరు ఎక్కువగా ఉంటుంది. దానిని చల్లని నీళ్ళలో రెండుసార్లు కడిగి, చేత్తో పిసికి, మజ్జిగ చుక్కలు పూర్తిగా కారిపోయాకే తూకం వేయాలి.

అభ్యాసం: పిండిని సగం కొలతలతో రెండుసార్లు, ఒకసారి గిలకొట్టిన వెన్నతో, ఒకసారి కరిగించినదానితో కలపండి. రెండింటినీ ఒకే పళ్ళెంలో 170 డిగ్రీల వద్ద పదిహేను నిమిషాలు కాల్చి, చల్లారాక ఒక్కొక్కటి విరిచి లోపలి పొరను పోల్చి చూడండి.