లినక్స్ కెర్నెల్‌లో నెమ్మది పనులను వర్క్‌క్యూకు అప్పగించడం ఎలా

ఐ2సి బస్‌పై (చిప్‌లను కలిపే నెమ్మదైన తీగల దారిపై) ఉన్న ఒక సెన్సార్ చిప్ రీసెట్ అయినట్లు ఇంటరప్ట్, అంటే హార్డ్‌వేర్ సంకేతం, వచ్చిందని, దానికి మళ్లీ 4 కిలోబైట్ల ఫర్మ్‌వేర్ ఎక్కించాలని అనుకుందాం. 100 కిలోహెర్ట్జ్ వేగం వద్ద ఒక్కో బైటుకు తొమ్మిది క్లాక్ పల్సులు, అంటే 90 మైక్రోసెకన్లు పడతాయి కనుక మొత్తం పని పూర్తి కావడానికి దాదాపు 370 మిల్లీసెకన్లు కావాలి. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో నిద్రపోయే వీలు లేదు కాబట్టి, హ్యాండ్లర్ చేయవలసిందల్లా ఆ పనిని వర్క్‌క్యూలో, అంటే తర్వాత చేయవలసిన పనుల వరుసలో, చేర్చే క్యూ_వర్క్‌ను పిలిచి తప్పుకోవడమే. మిగిలినది ఆ వరుసలోని పనులను నడిపే కేవర్కర్ అనే కెర్నెల్ థ్రెడ్ చూసుకుంటుంది.

ఎన్ని థ్రెడ్లు కావాలన్నది డ్రైవర్ రాసేవారు తేల్చవలసిన విషయం కాదు. ఒకప్పుడు ప్రతి వర్క్‌క్యూ తన సొంత థ్రెడ్లను, తరచుగా సీపీయూకు ఒకటి చొప్పున, పుట్టించుకునేది. 2009లో కెర్నెల్ 2.6.30తో వచ్చిన స్లో-వర్క్ అనే ఏర్పాటులో నెమ్మది పనులకోసమే ఒక పూల్ (థ్రెడ్ల సమూహం) ఉండేది, దాని కనిష్ఠ, గరిష్ఠ థ్రెడ్ల సంఖ్యలను మనమే సరిచూసుకోవలసి వచ్చేది. 2010లో కెర్నెల్ డెవలపర్ టెజున్ హియో వర్క్‌క్యూను తిరగరాసి 2.6.36లో చేర్చాక స్లో-వర్క్ అవసరం తీరిపోయింది. ఇప్పుడు పూల్స్ అందరికీ ఉమ్మడి. ప్రతి సీపీయూకు మామూలు పనులకు ఒకటి, అధిక ప్రాధాన్యం గలవాటికి ఒకటి ఉంటాయి. ఏ సీపీయూకూ కట్టుబడని అన్‌బౌండ్ పూల్స్ వేరు.

కనుక ముందుగా తేల్చుకోవలసింది మీ పని ఏ రకంగా నెమ్మది అన్నది. పైన చెప్పిన ఫర్మ్‌వేర్ పని ఎక్కువ సేపు బస్ కోసం నిద్రపోతుంది. వర్కర్ నిద్రలోకి జారిన క్షణమే షెడ్యూలర్ ఆ సంగతిని పూల్‌కు చేరవేస్తుంది. క్యూలో ఇంకా పని ఉంటే పూల్ మరో వర్కర్‌ను లేపుతుంది. కాబట్టి ఇలాంటి పని మామూలు క్యూలో ఉన్నా వెనకవారికి నష్టం లేదు. కంప్రెషన్, చెక్‌సమ్ వంటివి అలా కాదు: అవి నిద్రపోకుండా సీపీయూను పట్టుకునే ఉంటాయి, పూల్ మాత్రం ఒక వర్కర్ నడుస్తూనే ఉందని నమ్మి మరొకరిని లేపదు, వెనుక ఉన్న చిన్నచిన్న పనులన్నీ ఆగిపోతాయి. వీటికి, క్యూను సృష్టించే అలాక్_వర్క్‌క్యూను పిలిచేటప్పుడే అన్‌బౌండ్ ఫ్లాగ్ ఇవ్వాలి. డేటా అదే సీపీయూ క్యాష్‌లో ఉండడం ముఖ్యమైతే సీపీయూ-ఇంటెన్సివ్ ఫ్లాగ్ ఇవ్వవచ్చు. కెర్నెల్ 6.5 నుంచి, 10 మిల్లీసెకన్లకు మించి సీపీయూను వదలని పనిని కెర్నెల్ తానే గుర్తించి నడుస్తున్న వర్కర్ల లెక్కలోంచి పక్కన పెడుతుంది గాని, దాన్ని నమ్ముకుని ఫ్లాగ్ మానేయడం నాకు సమ్మతం కాదు.

మెమ్-రీక్లెయిమ్ ఫ్లాగ్ విషయంలో ఉదాసీనత పనికిరాదు. మెమరీ నిండుకున్నప్పుడు కొత్త వర్కర్‌ను పుట్టించడానికే మెమరీ దొరకకపోవచ్చు. డర్టీ పేజీలను (మెమరీలో మారి ఇంకా డిస్కుకు చేరని డేటాను) డిస్కుకు రాసే పనే ఆ వర్కర్ కోసం ఎదురుచూస్తుంటే వ్యవస్థ మొత్తం బిగుసుకుపోతుంది. ఈ ఫ్లాగ్ ఇస్తే ఆ క్యూకు ముందుగానే ఒక రెస్క్యూయర్ (ఆపద్ధర్మ) థ్రెడ్‌ను కేటాయించి ఉంచుతారు. ఫైల్ సిస్టమ్, బ్లాక్ డ్రైవర్ల దారిలో ఉన్న క్యూలకు ఇది తప్పనిసరి. మన సెన్సార్‌కు అక్కర లేదు.

అలాక్_వర్క్‌క్యూకు ఇచ్చే మూడో ఆర్గ్యుమెంట్ అయిన మ్యాక్స్_యాక్టివ్ ఒకేసారి ఎన్ని పనులు నడవవచ్చో చెబుతుంది. సున్నా ఇస్తే డిఫాల్ట్ విలువ వస్తుంది, చాలా సందర్భాల్లో అదే సరిపోతుంది. పనులు వచ్చిన వరుసలోనే, ఒకదాని తర్వాత ఒకటిగా జరగాలంటే ఇక్కడ 1 పెట్టి ఊరుకోకుండా అలాక్_ఆర్డర్డ్_వర్క్‌క్యూ వాడాలి. ఇక ఒకే వర్క్ ఐటమ్ రెండు సీపీయూలపై ఒకేసారి నడవదు కనుక, దానికోసమే లాక్ పెట్టనక్కర లేదు.

డ్రైవర్‌ను తొలగించే చోట పొరపాట్లు ఎక్కువ. ముందు ఇంటరప్ట్‌ను ఆపాలి, తర్వాత క్యాన్సిల్_వర్క్_సింక్ (పనిని రద్దు చేసేది, అది నడుస్తుంటే ముగిసేదాకా ఆగేది), ఆ తర్వాతే డెస్ట్రాయ్_వర్క్‌క్యూ, చివరగా మెమరీ విడుదల. నేను ఒకసారి మ్యూటెక్స్ (ఒక రకం లాక్) పట్టుకునే క్యాన్సిల్_వర్క్_సింక్‌ను పిలిచాను. ఆ వర్క్ ఫంక్షన్ కూడా అదే మ్యూటెక్స్ కోసం కాచుకుని ఉంది. డ్రైవర్‌ను తొలగించే ఆర్‌ఎమ్‌మాడ్ కమాండ్ కదలలేదు, 120 సెకన్లు దాటాక హంగ్ టాస్క్ హెచ్చరిక లాగ్‌లో పడింది. లాక్‌ల తప్పులను పట్టే లాక్‌డెప్ ఆన్ చేసిన కెర్నెల్‌పై పరీక్షించి ఉంటే అది మొదటిసారే బయటపడేది.

నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే టాప్ కమాండ్‌లో ఒక కేవర్కర్ సీపీయూను తినేస్తూ కనిపిస్తే, ముందు దాని పేరు చదవాలి. కేవర్కర్/2:1 అంటే రెండో నంబరు సీపీయూకు చెందిన వర్కర్. చివర హెచ్ ఉంటే అధిక ప్రాధాన్యం. అంకెకు ముందు యు ఉంటే అన్‌బౌండ్. ప్రాక్ ఫైల్ సిస్టమ్ కింద దాని పిఐడి (ప్రాసెస్ నంబరు) డైరెక్టరీలోని స్టాక్ ఫైలును రూట్‌గా నాలుగైదుసార్లు చూస్తే ఏ ఫంక్షన్ తిరుగుతోందో తెలుస్తుంది. అది తనను తానే పదేపదే క్యూ చేసుకుంటోందన్న అనుమానం ఉంటే, వర్క్‌క్యూ_క్యూ_వర్క్ ట్రేస్ ఈవెంట్‌ను కొన్ని సెకన్లు ఆన్ చేసి, ఏ ఫంక్షన్ పేరు ఎక్కువసార్లు పడిందో లెక్కపెట్టాలి. పూల్ మొత్తం ముందుకు సాగకుండా నిలిచిపోతే వర్క్‌క్యూ వాచ్‌డాగ్, కెర్నెల్‌లో దాన్ని చేర్చి ఉంటే, డిఫాల్ట్‌గా 30 సెకన్ల తర్వాత ఆ పూల్ వివరాలను, పెండింగ్‌లో ఉన్న పనుల పేర్లతో సహా, లాగ్‌లో రాస్తుంది.