ఆల్ వీల్ డ్రైవ్ ఉండగా వింటర్ టైర్లు దేనికి, మామా?

హనుమకొండలో ఇరవై రెండేళ్లుగా టైర్లు బిగిస్తున్నాను. మంచును ఫోటోల్లో తప్ప చూడలేదు. అయినా డెట్రాయిట్‌లో ఉన్న మేనల్లుడు మొన్న ఫోన్ చేసి ఈ ప్రశ్నే అడిగాడు. ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందే ఆల్ వీల్ డ్రైవ్ కారు కొత్తగా కొన్నాడు, మంచు రోడ్ల కోసం చేసే వింటర్ టైర్లకు మళ్లీ డబ్బులంటే ప్రాణం ఒప్పడం లేదు.

వాడికి నా జీపు సంగతి చెప్పాను. ఓ వానాకాలం తాడ్వాయి నుంచి మేడారం పోతుంటే, ఫోర్ వీల్ వేసిన జీపు బురదలో ఎక్కడా ఆగలేదు. మలుపులో బ్రేకు తొక్కినా ఆగలేదు! టైర్లు నున్నగా అరిగి ఉన్నాయి, తిన్నగా పక్క కాలువలోకి దిగింది. ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందితే బండి కదులుతుంది. ఆగాలన్నా, తిరగాలన్నా పట్టు రబ్బరుదే. పైగా సులువుగా కదిలే బండి లేనిపోని ధైర్యం ఇస్తుంది.

జనవరిలో పొద్దున్నే కొబ్బరినూనె సీసా వంచితే నూనె రాదు కదా. మామూలు టైరు రబ్బరూ అంతే, దాదాపు 7 డిగ్రీల కిందికి పోతే బిగుసుకుంటూ వస్తుంది. వింటర్ టైరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది. దాని మీదుండే సన్నటి చీలికలు మంచును కరిచి పట్టుకుంటాయి.

కొంటే నాలుగూ కొనాలి. ముందు రెండే మారిస్తే వెనక భాగం జారి బండి గిర్రున తిరుగుతుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు పువ్వు గుర్తు ఉందా చూడాలి. ఉత్త ‘ఎం ప్లస్ ఎస్’ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అక్షరాలు చాలవు. చలికాలం ఇవి, మిగతా నెలలు మామూలువి వేస్తారు. ఒక సెట్టు తిరుగుతున్నన్ని నెలలు రెండోది అరగదు కాబట్టి, ఖర్చు కనిపించినంత ఉండదు. చలికి గాలి కూడా తగ్గుతుంది, 5, 6 డిగ్రీలకు ఒక పీఎస్ఐ చొప్పున. బండి తీయకముందే చూసుకోవాలి.

రోడ్డు మీద మంచు ఎత్తేసేదాకా ఇంట్లో కూర్చోగలిగేవాళ్లకు ఆ కొండ గుర్తున్న ఆల్ వెదర్ టైర్లు, అంటే ఏడాదంతా వాడేవి, సరిపోతాయి. మావాడిది తెల్లవారుజాము షిఫ్టు. కొనమన్నాను.

ఇది చదివి మన దగ్గర ఎవరూ తెప్పించుకోకండి. మే నెల ఎండకు కాలిన రోడ్డు మీద పెన్సిల్ రబ్బరులా అరిగిపోతాయి. ఆదిలాబాద్ చలి ఎంత కొరికినా పదింటికల్లా ఎండ వచ్చేస్తుంది. మనకు టెన్షన్ అంతా వానలతోనే. టైరు గాడుల్లో 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న దిమ్మెలుంటాయి. అక్కడిదాకా అరిగితే మార్చక తప్పదు, నేనైతే 3 దగ్గరే మార్చేస్తాను. కొనేటప్పుడు టైరు పక్కన ‘డాట్’ (DOT) అని మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు చదవండి. 3523 అంటే 2023లో 35వ వారం తయారైందని. “కొత్త మాలే అన్నా” అని షాపువాడు, నాతో సహా, ఎంత చెప్పినా అది చూశాకే డబ్బులివ్వండి.